పదాల తూనిక – చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

కొత్త భాషను నేర్చుకొనేవారిని కఠినమైన పదాలకన్నా ఒకదానికొకటి దగ్గరగా ఉండే పదాలే ఎక్కువగా తికమక పెడతాయి. ఇంగ్లీషు చదివే తెలుగు విద్యార్థికి, కదలక నిలిచి ఉన్నదానిని తెలిపే 'స్టేషనరీ' వేరనీ, కాగితాలూ కలాలూ అమ్మే దుకాణం పలకమీద కనిపించే 'స్టేషనరీ' వేరనీ, రెండింటి వర్ణక్రమంలో ఒక్క అక్షరమే భేదమనీ తెలిసేసరికి కొంతకాలం పడుతుంది. తెలుగు నేర్చుకొనే ఇంగ్లీషువారికీ ఇటువంటి చిక్కే ఉంది. మాటలోని భావాన్ని 'అర్థం' అంటాం. సగాన్ని 'అర్ధం' అంటాం. లిపిలో ఈ రెండింటికీ ఉన్న తేడా ఒక చుక్క మాత్రమే. ఆ చుక్క తెలుగువారి చేతిలోనే తరచు జారిపోతూ ఉంటుంది. ఇక సముద్రాలు దాటి వచ్చిన పరాయివాని సంగతి చెప్పనక్కరలేదు.

అలా వచ్చి, ఈ చిక్కులను విడదీయడానికే జీవితంలో ముప్పై ఏళ్లకు పైగా వెచ్చించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగు దేశంలో ఆయన పేరు వినని చదువరి లేడు. ఆయన నిఘంటువులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అయితే పదానికీ పదానికీ మధ్య గల తేడా పుస్తకాలకు మాత్రమే సంబంధించినది కాదని ఆయనకు గట్టిగా తెలిసివచ్చింది కృష్ణాతీరంలోనే.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో అధికారి. అనేక భాషలు తెలిసినవాడు. కుమారునికి చిన్ననాటనే గ్రీకు, లాటిన్, హీబ్రూ, పారశీకం, హిందుస్తానీ భాషలతో పరిచయం కలిగించాడు. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. కంపెనీ ఉద్యోగులను తీర్చిదిద్దే హెయిలీబరీ కళాశాలలో చదువు ముగించుకొని, 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసు రేవులో దిగాడు. అప్పటికి ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు నేర్పాడు. ఆ కాలంలో ఇంగ్లీషువారు తెలుగును 'జెంటూ' అని పిలిచేవారు. అన్యమతస్థుడు అనే అర్థంలో పోర్చుగీసువారు వాడిన ఒక మాట వారి నోట జనం పేరై, చివరకు భాష పేరై కూర్చుంది. ఆ పేరుతోనే 1817లో ఒక వ్యాకరణం, 1818లో ఒక పదకోశం మద్రాసులో అచ్చయ్యాయి. వాటి రచయిత పేరు విలియం బ్రౌన్. ఆయన వేరొక వ్యక్తి. పేరు చూసి ఈ ఇద్దరు బ్రౌన్‌లనూ ఒకరిగా పొరబడటం కద్దు. 1821లో క్యాంబెల్ ప్రకటించిన నిఘంటువులో భాషకు దాని సొంత పేరే ఉంది గానీ, ఇంగ్లీషు లిపిలో ఆ పేరు 'తెలూగూ' అని సాగదీసి చదివేటట్లు ఉండేది. హ్రస్వమైన ఉకారానికి 'ఓ' అక్షరాన్ని రెండేసిసార్లు రాయడం అప్పటి పద్ధతి. ముప్పై ఏళ్ల తరువాత బ్రౌన్ తన నిఘంటువు ముఖపత్రంమీద ముద్రించిన వర్ణక్రమమే నేడు అందరూ రాసేది.

1820లో బ్రౌన్ కడపలో కలెక్టరుకు సహాయకుడుగా చేరాడు. ప్రజల భాష రానివాడు వారిని పాలించలేడని నమ్మిన థామస్ మన్రో అప్పుడు మద్రాసు గవర్నరు. కడపలో కచేరీ వ్యవహారమంతా తెలుగులోనే సాగింది కాబట్టి, పరీక్షకోసం నేర్చిన భాషను బ్రౌన్ బతుకుతెరువుకోసం మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. రైతుల అర్జీలలోని తెలుగు కళాశాలలో చదివిన తెలుగు కాదు. కోదండరామ పంతులు చెప్పిన పద్యాలలో లేని మాటలు అక్కడ అడుగడుగునా ఎదురయ్యాయి.

రెండేళ్లకు ఆయనకు మచిలీపట్నం బదిలీ అయింది. జనవ్యవహారంలో బందరు అనీ, ఇంగ్లీషువారి కాగితాలలో మసూలిపటం అనీ పిలిచే ఆ పట్టణం ఒకనాడు డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు వర్తకులు పోటీలు పడి కోఠీలు కట్టుకొన్న రేవు. బ్రౌన్ వచ్చేనాటికి దాని వైభవం తగ్గుముఖం పట్టింది. అద్దకపు బట్టల ఎగుమతి సన్నగిల్లింది. అయినా చుట్టుపక్కల పండితులకు కొదవ లేదు. తిప్పాభట్ల వెంకట శివశాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మశాస్త్రి అనే ఇద్దరి సాయంతో ఆయన తెలుగు కావ్యాలు, ఛందస్సు చదవడం మొదలుపెట్టాడు. 1827లో వెలువడిన ఆయన ఛందోగ్రంథానికి పునాది పడింది ఆ చదువులోనే.

ఫ్రెంచి మతాచార్యుడు దుబాయ్ హిందూ ఆచారాలను గురించి రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన ఉంది. అది చదివి 1824లో బ్రౌన్ వేమన పద్యాలకోసం వెతకనారంభించాడు. పండితులు వేమనను కవిగా లెక్కించని రోజులవి. పామరులు పాడుకొనే పద్యాలకోసం ఒక దొర తాటాకులు పోగుచేయడం వారికి వింతగా తోచి ఉంటుంది. దొరికిన ప్రతులలో ఏ రెండూ ఒకేరకంగా లేవు. తాటాకుమీద గంటంతో రాసేవారు పదానికీ పదానికీ ఎడం విడవరు. ర, ఱలకు భేదం పాటించినవాడు ఒకడైతే, పాటించనివాడు మరొకడు. శకారం ఉండవలసినచోట షకారం, ఒత్తు ఉండవలసినచోట మామూలు అక్షరం. ఒక లేఖకుని పొరపాటు తరువాతివాని చేతిలో పాఠంగా మారుతుంది. ఆ పాఠానికి మూడవవాడు అర్థం కల్పిస్తాడు. బ్రౌన్ ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టించి, ఏ అక్షరం ఎక్కడ మారిందో పండితులచేత గుర్తింపజేసి, శుద్ధప్రతిని కాగితంమీద రాయించేవాడు. కొరుకుడుపడని పాఠాన్ని సొంత ఊహతో సవరించడంకన్నా మరొక ప్రతికోసం వెతకడం మేలన్న ఈ పద్ధతి యూరపులో గ్రీకు, లాటిన్ గ్రంథాలకు అలవాటైనదే. తెలుగు గ్రంథాలకు ఇంత పెద్దయెత్తున దానిని అన్వయించినవారు అంతకుముందు లేరు. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి.

ఈ పనికి కంపెనీ డబ్బు ఇవ్వలేదు. లేఖకులకూ పండితులకూ జీతాలు బ్రౌన్ తన జేబునుంచే ఇచ్చాడు. కడపలోనూ మచిలీపట్నంలోనూ పేదపిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడులు కూడా తన ఖర్చుతోనే నడిపాడు. జీతం చాలక అప్పులపాలయ్యాడు.

1832లో వానలు లేవు. తెలుగువారి లెక్కలో అది నందన నామ సంవత్సరం. కృష్ణానది మీద అప్పటికి ఆనకట్ట లేదు. నది నిండుగా పారినా దాని నీరు పొలానికి ఎక్కే దారి లేదు, కాలువలు లేవు, పంట అంతా వానమీద ఆధారం. మెరక పొలాలు ఎండిపోయాయి. గుంటూరు సీమ ఎక్కువగా దెబ్బతింది. గడ్డి లేక పశువులు, గింజ లేక మనుషులు కూలిపోయారు. ఊళ్లు ఖాళీ చేసి జనం తీరానికీ, ఉత్తరాదికీ, మద్రాసు వైపుకూ నడిచారు. నడిచినవారిలో అనేకులు బాటల పక్కనే ఒరిగిపోయారు. సుమారు 5 లక్షల జనాభాగల గుంటూరు ప్రాంతంలో మరణించినవారిని కొందరు లక్షన్నరగా, కొందరు 2 లక్షలుగా అంచనా వేశారు. తక్కువ అంచనానే తీసుకొన్నా పదిమందిలో ముగ్గురు. దహనం చేసే దిక్కులేక ఎముకలగూళ్లు మిగిలిన ఆ కాటకాన్ని జనం 'డొక్కల కరువు' అన్నారు. ఇంటింటి వయసులెక్కలూ చాలాకాలంపాటు నందన కరువుకు ముందు, నందన కరువుకు తరువాత అనే సాగాయి.

బ్రౌన్ అప్పుడు ఈ ప్రాంతంలోనే ఉద్యోగంలో ఉన్నాడు. కళ్లముందు జరుగుతున్నదానిని పైఅధికారులకు రాయడం ఆయన విధి. ఆ నివేదికలలో ఆయన 'ఫామిన్' అనే మాట వాడాడు. ప్రభుత్వానికి నచ్చిన మాట వేరు. అది 'స్కేర్సిటీ'.

ఇంగ్లీషు నిఘంటువు చూచినవారికి ఈ రెండు పదాలూ పొరుగువారివలె కనిపిస్తాయి. రెండింటిలోనూ తిండి చాలకపోవడం ఉంది. కానీ 'స్కేర్సిటీ' అంటే కొరత. సరకు తగ్గింది, ధర పెరిగింది, వర్తకులు మరొక చోటునుంచి ధాన్యం తెస్తే రోజులు గడుస్తాయి అని ఆ మాటకు ధ్వని. 'ఫామిన్' అంటే క్షామం. ధర తగ్గించినా కొనే చేతిలో కాసు లేని స్థితి. అంగడిమీద వదిలిపెట్టరాని స్థితి. మొదటి మాట రాసిన అధికారి శిస్తు వసూలు గురించి ఆలోచించవచ్చు. రెండవ మాట రాసినవాడు గంజికేంద్రాల గురించి, శిస్తు మాఫీ గురించి మాట్లాడక తప్పదు. తెలుగు రైతుకు ఈ తేడా ఎవరూ నేర్పనక్కరలేదు. అతని భాషలో ఎద్దడి ఒకటి, కొరత ఒకటి, కరువు మరొకటి. ఎద్దడి వచ్చిన ఏడు చెరువు చూచి నిట్టూరుస్తాడు. కరువు వచ్చిన ఏడు ఊరు విడుస్తాడు.

కచేరీలలో పదాలను మెత్తబరచడం కొత్త కాదు, ఆ కంపెనీతో అంతమైనదీ కాదు. చావులను కొరతగా రాస్తే లెక్క తగ్గదు. బాధ్యత మాత్రం తగ్గుతుంది. మెత్తని మాటను వాడవలసిందిగా పైనుంచి సూచన వచ్చినా, బ్రౌన్ ఆ మాటను మార్చలేదు. ఆయనకు ఇంగ్లీషు రాక ఒక పదానికి బదులు మరొక పదం పడిందని ఎవరూ అనలేరు. తెలుగులో ఒక పద్యపాదంలో ఏ అక్షరం సరైనదో తేల్చడానికి పది ప్రతులు తిరగేసే మనిషి, సొంతభాషలో జనం చావుకు ఏ పేరు సరిపోతుందో తూచకుండా రాయడు.

ఈ విషయంలో ప్రభుత్వం తన పదాలకు నిర్వచనం ఇచ్చుకోవడానికి మరొక యాభై ఏళ్లు పట్టింది. 1876–78లో దక్షిణదేశాన్ని తుడిచిపెట్టిన మహాక్షామం తరువాత ఒక సంఘాన్ని నియమించి, దాని సిఫారసులపై 1880 తరువాతి సంవత్సరాలలో క్షామ నియమావళులను తయారుచేశారు. కొరత ఎప్పుడు కొరత, ఎప్పుడు క్షామం అవుతుంది, ఏ దశలో అధికారి ఏమి చేయాలి అన్నది అప్పుడు తరగతులుగా విడగొట్టి రాశారు. గుంటూరు సీమలో పోయినవారికి ఆ నియమావళి అందలేదు.

1834లో కంపెనీ బ్రౌన్‌ను ఉద్యోగంనుంచి తొలగించింది. సర్ ఫ్రెడరిక్ ఆడం అప్పటి గవర్నరు. అప్పులతో, తాటాకుల పెట్టెలతో బ్రౌన్ లండను చేరాడు. అక్కడ కూడా ఊరక కూర్చోలేదు. కంపెనీవారి గ్రంథాలయంలో ఎవరూ విప్పని కట్టలలో దక్షిణదేశపు లిఖితగ్రంథాలు రెండు వేలకు పైగా పడి ఉండగా, వాటిని గుర్తించి మద్రాసుకు తిరిగి పంపే ఏర్పాటు చేయించాడు. ఆ గ్రంథాలూ, బ్రౌన్ స్వయంగా సేకరించినవీ కలిసి, నేడు చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో తెలుగు సాహిత్యచరిత్రకు ఆధారాలుగా ఉన్నాయి.

1838లో పారశీక భాషానువాదకుడుగా ఆయన మద్రాసుకు మళ్లీ వచ్చాడు. ఆ తరువాతి పదిహేడేళ్లు నిఘంటువుల కాలం. 1839లో వేమన పద్యాలు మరింత విస్తృతంగా, 1840లో తెలుగు వ్యాకరణం వెలువడ్డాయి. జూలూరి అప్పయ్య మొదలైన పండితులచేత మనుచరిత్ర, వసుచరిత్ర వంటి ప్రబంధాలకు వ్యాఖ్యానాలు రాయించాడు. 1852లో ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి.

నిఘంటువు అంటే మాటకు మాట పెట్టడమే అనుకొనేవారికి ఇంగ్లీషు–తెలుగు సంపుటం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒక ఇంగ్లీషు పదానికి ఒకే తెలుగు పదం చాలదు. 'ఫెయిర్' అనే ఒక్క మాటనే తీసుకొంటే, అది సందర్భాన్నిబట్టి తెల్లని మేనిచాయ అవుతుంది, న్యాయం అవుతుంది, తిరునాళ్ల సంత అవుతుంది. అదే ధ్వనితో వేరే వర్ణక్రమంలో రాస్తే బండివాని కిరాయి అవుతుంది. పండితుడు ఇచ్చే సంస్కృత సమాసం ఈ చిక్కును తీర్చదు. అందుచేత బ్రౌన్ జనం మాట్లాడే తెలుగులో చిన్నచిన్న వాక్యాలు కూర్చి, ఏ అర్థంలో ఏ మాట నప్పుతుందో వాడుకలో చూపించాడు. కావ్యభాష మాత్రమే భాష అనుకొన్న కాలంలో కచేరీ, వంటిల్లు, అంగడి మాట్లాడే తెలుగును నిఘంటువులోకి ఎక్కించడం సామాన్యమైన సాహసం కాదు. కొందరు పండితులకు అది రుచించలేదు. వ్యావహారిక భాషకోసం ఇరవయ్యో శతాబ్దంలో వాదించినవారికి మాత్రం ఆ వాక్యాలు బలమైన సాక్ష్యాలయ్యాయి.

1854లో వచ్చిన మూడవ నిఘంటువు వీటన్నింటికన్నా వింతైనది. తెలుగులో కలిసిపోయిన పారశీక, అరబ్బీ, హిందుస్తానీ, ఇంగ్లీషు పదాలకోసం ప్రత్యేకంగా కూర్చిన మిశ్రభాషా నిఘంటువు అది. కచేరీ తెలుగులో ఎంత గందరగోళం ఉండేదో ఒక్క ఉదాహరణ చాలు. నాగలి గీసిన చాలును తీరప్రాంతపు రైతు 'సాలు' అంటాడు. రెవిన్యూ గుమాస్తా 'సాలు' అంటే పారశీకంలో సంవత్సరం. 'రాజీ' అంటే అరబ్బీనుంచి వచ్చిన ఒడంబడిక. 'రాజి' అంటే సంస్కృతంలో వరుస. ఒక దీర్ఘం పోతే దస్తావేజు అర్థమే మారుతుంది. చదువురాని రైతు వేలిముద్ర వేసే కాగితంలో ఇటువంటి పదాలు ఉన్నప్పుడు, వాటికి అర్థం చెప్పే పుస్తకం పండితుల వినోదంకోసం కాదని వేరే చెప్పాలా? మచిలీపట్నంలోనూ రాజమహేంద్రవరంలోనూ న్యాయస్థానాల వ్యవహారం చూచినవాడు కాబట్టే బ్రౌన్‌కు ఈ నిఘంటువు అవసరం తట్టింది.

ఆయన చేసినదంతా తప్పులు లేనిదని కాదు. పదాల పుట్టుకను గురించి ఆయన ఊహలలో కొన్ని తరువాతివారు ఒప్పుకోలేదు. పండితులమీద ఆయన తీర్పులు కొన్ని కటువుగా ఉంటాయి. తన పనిని తానే మెచ్చుకొనే స్వభావం కూడా కొంత కనిపిస్తుంది. ఆయన పేరుతో వెలువడిన గ్రంథాలలో తెలుగు పండితుల శ్రమ ఎంత ఉన్నదో ముఖపత్రాలు చూచినవారికి తెలియదు. అయినా ఆ పండితులను కూర్చోబెట్టి, జీతమిచ్చి, ఇరవై ముప్పై ఏళ్లు ఒకే పనిమీద నిలిపినవాడు మరొకడు లేడు.

నిఘంటువులు అచ్చవుతున్న సంవత్సరమే, 1852లో, బెజవాడవద్ద కృష్ణానదికి అడ్డంగా ఆనకట్ట పని మొదలైంది. గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1855కల్లా అది పూర్తయింది. సీతానగరం కొండకూ ఇంద్రకీలాద్రికీ నడుమ నీరు నిలిచి, ఇరువైపులా కాలువలలోకి మళ్లింది. ఏ నేలమీద బ్రౌన్ క్షామం అనే మాట రాశాడో, ఆ నేలలో చాలాభాగం కొద్ది కాలంలోనే వరిచేలుగా మారింది. బ్రౌన్ మాత్రం ఆ పైరు చూడలేదు. అనారోగ్యంవల్ల 1855లోనే ఆయన భారతదేశం విడిచి వెళ్లిపోయాడు.

లండనులో ఆయన విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా ఉన్నాడు. పెండ్లి చేసుకోలేదు. తన సాహిత్యజీవితాన్ని గురించి చిన్న పుస్తకం రాసుకొన్నాడు. అచ్చయిన తన నిఘంటువులలో తప్పులు దిద్దుతూ, కొత్త మాటలు చేరుస్తూ ముసలితనం గడిపాడు. 1884 డిసెంబరు 12వ తేదీన, 86 ఏళ్ల వయసులో మరణించాడు. లండనులోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1903లో రెండవసారి అచ్చయింది. దానిని సవరించిన ముగ్గురిలో కందుకూరి వీరేశలింగం పంతులు ఒకరు. ఇంటర్‌నెట్ వచ్చిన తరువాత షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల శాలలో ఆ ప్రతిని అందరికీ అందుబాటులో ఉంచింది. కడపలో బ్రౌన్ నివసించిన బంగళా ఉన్న స్థలంలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో, ఆయన పేరిట ఒక గ్రంథాలయం వెలసింది.